‘డన్‌కర్క్’ అర్థం కాలేదన్నవాళ్లకి: మూడు గడియారాలు పెట్టుకుని చూడండి

క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘డన్‌కర్క్’ (2017) గురించి నాకు ఎక్కువగా వినిపించే మాటలు రెండు. ఒకటి, "సౌండ్ అదిరిపోయింది". రెండోది, "కథేంటో అర్థం కాలేదు". రెండూ ఒకే మనిషి నోట వినడం కూడా మామూలే. నాది వీడియో ఎడిటింగ్ పని. రోజంతా టైమ్‌లైన్ ముందు కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ సినిమా మీద నాకు పక్షపాతం ఉంది. అయినా అర్థం కాలేదన్నవాళ్లని తప్పుపట్టను. చూసేవాళ్లకి తెలియాల్సిన అసలు సంగతిని మూడు చిన్న క్యాప్షన్లలో చెప్పేసి, మళ్లీ దాని ఊసే ఎత్తదు ఈ సినిమా. ఆ కాసేపు మీరు ఫోన్ చూసుకున్నారంటే ఇక అంతే సంగతులు.

ఇంట్లో ఎవరికైనా ఈ సినిమా పెట్టే ముందు నేను చెప్పే మాటలనే ఇక్కడ రాస్తున్నాను. ఒకచోట రెండు సన్నివేశాల గుట్టు విప్పక తప్పదు. అక్కడికి వచ్చేముందు హెచ్చరిస్తాను.

ముందు కాస్త చరిత్ర

మామూలుగా సినిమాకి ముందు చరిత్ర పాఠం చదవమని ఎవరికీ చెప్పను. దీనికి మాత్రం చెప్తాను. ఎందుకంటే నోలన్ మీకు ఏమీ చెప్పడు. బాణం గుర్తుల మ్యాపులు ఉండవు, గదిలో కూర్చుని వాదించుకునే మంత్రులు ఉండరు. చర్చిల్ కనబడడు, హిట్లర్ కనబడడు. మొత్తం సినిమాలో మీకు దొరికే మ్యాపు ఒక్కటే. మొదటి సీన్‌లో ఆకాశం నుంచి రాలే కరపత్రం మీద ఉంటుంది. చుట్టూ జర్మన్లు, మధ్యలో సముద్రాన్ని ఆనుకుని మీరు, అంతే.

1940 మే నెలలో జర్మన్ ట్యాంకులు ఆర్డెన్ అడవుల గుండా ఫ్రాన్స్‌లోకి చొచ్చుకొచ్చి, పది రోజుల్లో ఇంగ్లిష్ ఛానెల్ తీరం దాకా వెళ్లిపోయాయి. దాంతో ఉత్తరాన ఉన్న బ్రిటిష్, ఫ్రెంచ్, బెల్జియన్ సైన్యాలకు వెనక్కి దారి తెగిపోయింది. మే 24న జర్మన్ ట్యాంకులకు ఆగమని ఉత్తర్వు వచ్చింది. ఎందుకు ఆపారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ విరామంలో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ రేవు పట్టణం చుట్టూ రక్షణ వలయం కట్టుకోవడానికి చిక్కుకున్న సైన్యాలకి కాస్త ఊపిరి దొరికింది. మే 26న ఆ సైనికుల్ని సముద్రం మీదుగా ఇంగ్లండ్‌కి తరలించే ఆపరేషన్ డైనమో మొదలైంది. డోవర్ కోట కింద సొరంగాల్లో కూర్చుని వైస్ అడ్మిరల్ బెర్‌ట్రమ్ రామ్సే దాన్ని నడిపించాడు. రెండు రోజుల్లో 45 వేల మందిని తేగలిగితే అదే గొప్ప అనుకున్నారు. జూన్ 4 నాటికి 3,38,226 మంది బయటపడ్డారు. ఈ రెండు అంకెలు గుర్తుంటే, సినిమాలో ఇద్దరు అధికారులు గుసగుసగా మాట్లాడుకునే సీన్ మీకు వేరేలా వినబడుతుంది. వాళ్ల దగ్గరున్నది మొదటి అంకె మాత్రమే. ఒడ్డున ఉన్నది నాలుగు లక్షల మంది.

ఇంకో సంగతి తెలియాలి, ఇది మరీ ముఖ్యం. డన్‌కర్క్ రేవుని జర్మన్ విమానాలు అప్పటికే ధ్వంసం చేసేశాయి. పక్కనున్న బీచ్ చాలా లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు, దూరంగా ఆగిపోవాలి. సైనికులు మెడలోతు నీళ్లలో గంటలకొద్దీ నిలబడితే, చిన్న పడవలు వాళ్లని ఓడల దాకా చేరవేయాలి. అలా ఎంతమందిని ఎక్కించగలరు? అప్పుడు ఒడ్డున నౌకాదళం తరఫున బాధ్యత చూస్తున్న కెప్టెన్ విలియమ్ టెనంట్ కన్ను తూర్పు మోల్ మీద పడింది. మోల్ అంటే అలల తాకిడికి అడ్డంగా సముద్రంలోకి కట్టిన పొడవాటి గోడ. దాని మీద సన్నటి చెక్కదారి. ఓడలు ఆనించడానికి కట్టింది కాదది. అయినా ఒక ఓడని తెచ్చి ఆనించి చూశారు, పని జరిగింది. బయటపడ్డవాళ్లలో దాదాపు 2,39,000 మంది రేవు, ఆ మోల్ మీదుగానే వెళ్లారు. బీచ్ నుంచి నేరుగా ఎక్కినవాళ్లు లక్షకి కాస్త తక్కువ. సినిమాలోని మూడు కథల్లో మొదటిదానికి ‘మోల్’ అని ఆ గోడ పేరే ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ గోడ మీద జనం బారులు తీరి నిలబడ్డ షాట్లు వచ్చినప్పుడు వాళ్ల కాళ్లకేసి చూడండి. అటు సముద్రం, ఇటు సముద్రం. బాంబర్ వస్తే పరిగెత్తడానికి చోటు లేదు. టోపీలు పట్టుకుని ఉన్నచోటే వంగుతారు. మాట ఒక్కటీ ఉండదు.

గది, టీవీ, సౌండ్

దీని మీద ఎక్కువ చెప్పను. లైట్లు ఆపండి. సౌండ్‌బార్ లేకపోతే మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. నిడివి 106 నిమిషాలే కాబట్టి మధ్యలో ఆపకుండా చూడండి. ఆపితే టెన్షన్ మొత్తం కారిపోతుంది. సబ్‌టైటిల్స్ తప్పనిసరి. పైలట్‌గా వేసిన టామ్ హార్డీ దాదాపు సినిమా అంతా ముఖానికి మాస్క్ వేసుకుని, ఇంజిన్ హోరులో, రేడియోలో మాట్లాడతాడు. అది చెవులతో పట్టుకోవడం ఇంగ్లిష్ వాళ్లకే కష్టం. అలాగని చదవాల్సింది చాలా ఉంటుందని భయపడకండి. స్క్రిప్ట్ మొత్తం 76 పేజీలే.

డిస్క్‌లో చూస్తే బొమ్మ పైనా కిందా నల్లపట్టీలు వస్తూ పోతూ ఉంటాయి. టీవీ పాడవలేదు. సినిమాలో ఎక్కువ భాగం ఐమాక్స్ ఫిల్మ్ మీద, మిగతాది మామూలు 65 ఎంఎం మీద తీశారు. రెండింటి బొమ్మ ఆకారం వేరు, అందుకే ఆ తేడా.

రక్తం చూడలేనివాళ్లు కూడా ధైర్యంగా కూర్చోవచ్చు. యుద్ధం సినిమాయే గానీ రక్తం దాదాపు కనిపించదు. భయపెట్టే పని శబ్దమే చేస్తుంది. స్టూకా బాంబర్లు కిందికి దూకేటప్పుడు కూత పెట్టేలా వాటికి నిజంగానే సైరన్లు బిగించేవాళ్లు, కిందున్నవాళ్ల గుండె జారడానికి. మొదట్లోనే ఆ కూత వస్తుంది. టామీ అనే కుర్రాడు ఇసుకలో బోర్లా పడుకుంటాడు. కెమెరా అతని ముఖం దగ్గరే కదలకుండా ఉంటుంది. వెనక దూరంగా ఒక బాంబు పేలుతుంది. తర్వాత ఇంకాస్త దగ్గరగా ఇంకొకటి. తర్వాత ఇంకా దగ్గరగా. ఒకే షాట్, కట్ లేదు. తర్వాతది ఎక్కడ పడుతుందో మీకూ లెక్క తెలుసు, అతనికీ తెలుసు. నా వృత్తిలో కట్ చేయాలని చెయ్యి లాగే చోట చేయకుండా ఉండటమే కష్టం. ఎడిటర్ లీ స్మిత్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

హాన్స్ జిమ్మర్ సంగీతంలో నోలన్ సొంత వాచీ టిక్ టిక్ కూడా ఉంది. దాంతోపాటు షెపర్డ్ టోన్ అనే ఒక శబ్ద మాయ వాడారు. స్వరం పైకి పైకి పోతూనే ఉన్నట్టు అనిపిస్తుంది, శిఖరం మాత్రం ఎప్పటికీ రాదు. చూస్తూ ఉంటే మీ భుజాలు బిగుసుకుపోవడానికి కారణం అదే.

మూడు గడియారాలు

ఇప్పుడు అసలు విషయం. మొదటి పది నిమిషాల్లో మూడు క్యాప్షన్లు పడతాయి. మోల్: ఒక వారం. సముద్రం: ఒక రోజు. ఆకాశం: ఒక గంట.

అంటే మీరు చూసేది మూడు కథలు, మూడు వేర్వేరు వేగాలు. టామీ ఒడ్డు నుంచి బయటపడటానికి తంటాలు పడేది వారం రోజుల కథ. డాసన్ అనే పెద్దాయన కొడుకుతో, ఇంకో కుర్రాడితో కలిసి సొంత పడవ వేసుకుని ఇంగ్లండ్ నుంచి బయల్దేరేది ఒక రోజు కథ. ఫారియర్ అనే బ్రిటిష్ పైలట్ (టామ్ హార్డీ) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానంలో ఎగిరేది గంట కథ. ఈ మూడింటినీ ముక్కలు చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన అవి ఒకే సమయంలో జరుగుతున్నట్టు కాదు. టామీని మంగళవారం చూపించి, వెంటనే చివరిరోజు మధ్యాహ్నం విమానాన్ని చూపించొచ్చు. మూడు గడియారాలూ ఒకచోట కలిసేది చివర్లోనే.

ఒక ఫంక్షన్‌ని మూడు కెమెరాలు మూడు మూలల నుంచి తీస్తే, ఒక చప్పట్ల మోతో, ఒక ఫ్లాష్ వెలుగో పట్టుకుని మూడింటినీ కలుపుతాం మేము. ఇక్కడ ఆ పని మీరు చేయాలి. కొన్ని ఆనవాళ్లు ఇస్తాను.

మొదటిది వెలుతురు. రాత్రి కనిపిస్తే అది టామీ కథ అనుకోండి, ఎందుకంటే వారం రోజుల్లో రాత్రులు ఉంటాయి. డాసన్ పడవకి చీకటి పడేది తిరుగు ప్రయాణం చివర్లోనే. విమానాలది గంటే కాబట్టి అక్కడ పొద్దు వాలడం తప్ప రాత్రి రాదు. టామీ చీకట్లో మునుగుతుంటే, మరుక్షణం ఫారియర్ ఎండలో ఎగురుతుంటే కంగారుపడకండి. కాల గడియారాలు వేరు.

రెండోది పెట్రోలు. మొదటి పోరాటంలోనే ఫారియర్ విమానంలో ఫ్యూయల్ గేజ్ దెబ్బతింటుంది. పక్క విమానంలో ఉన్న కాలిన్స్‌ని నీకెంత ఉందని అడిగి, ఆ అంకెని సుద్దముక్కతో ప్యానెల్ మీద రాసుకుంటాడు. తర్వాత చేతి వాచీ చూసుకుంటూ లెక్కగడతాడు. సినిమాలో గంట ఎంత గడిచిందో మీకు చెప్పేది ఆ సుద్ద రాతే. తిరిగి ఇంటికి వెళ్లడానికి సరిపడా ఉంచుకోవాలా, ఉండి ఇంకొకణ్ణి కూల్చాలా అన్నదే ఆ మనిషి కథ మొత్తం. దానికి ఒక్క డైలాగూ ఉండదు. మాస్క్ పైన కళ్లు మాత్రమే కనిపిస్తాయి.

ఇక మూడోది, ఒకే ఘట్టాన్ని రెండువైపుల నుంచి చూపించడం. ఇక్కడ గుట్టు విప్పుతున్నాను, మొదటిసారి చూడబోయేవాళ్లు రెండు పేరాలు దాటేయండి.

కాలిన్స్ విమానం దెబ్బతిని నీళ్ల మీద వాలుతుంది. పైనుంచి ఫారియర్ చూస్తాడు. కాక్‌పిట్‌లోంచి చెయ్యి ఊగుతూ కనబడుతుంది. బాగానే ఉన్నాడులే అనుకుని ముందుకెళ్లిపోతాడు. మనమూ అలాగే అనుకుంటాం. చాలాసేపటి తర్వాత అదే ఘట్టం నీళ్ల మట్టం నుంచి వస్తుంది. కాక్‌పిట్ మూత ఇరుక్కుపోయి తెరుచుకోవట్లేదు. లోపల నీళ్లు పైకొస్తున్నాయి. చిన్న సందులోంచి బయటికొచ్చి ఊగుతున్న ఆ చెయ్యి వీడ్కోలు చెప్పట్లేదు, కాపాడమని అడుగుతోంది. ముక్కలు చేసి చెప్పడం అనే ఈ పద్ధతి మొత్తానికీ సమర్థన నాకు ఆ ఒక్క చెయ్యిలో దొరికింది. ఎవరికి వాళ్లకి తెలిసింది ఎంత తక్కువో వరసగా చెప్పే కథలో అంత గట్టిగా తగలదు.

రెండోది, కిలియన్ మర్ఫీ పాత్ర. అతనికి సినిమాలో పేరు లేదు. డాసన్ పడవ అతన్ని మునిగిన ఓడ పెంకు మీద ఒంటరిగా కూర్చుని ఉండగా చూసి ఎక్కించుకుంటుంది. వణుకుతుంటాడు, కిందికి దిగమంటే దిగడు, పడవ డన్‌కర్క్ వైపు వెళ్తోందని తెలియగానే పిచ్చెత్తినట్టు అయిపోతాడు. పిరికివాడని మనం తీర్పు చెప్పేస్తాం. తర్వాత ఒక రాత్రి సీన్ వస్తుంది. ఓడ మునిగిపోయి టామీ వాళ్లు ఈదుకుంటూ ఒక పడవ దగ్గరికి వస్తే, అందులో నిలబడి తొణకకుండా "ఇక చోటు లేదు, కంగారుపడకుండా తేలుతూ ఉండండి" అనే అర్థంలో మాట్లాడే అధికారి ఎవరో చూడండి. అదే మనిషి. తెర మీద తర్వాత వచ్చినా, కాలంలో ఇది ముందు. ఆ రాత్రికీ ఆ పెంకుకీ మధ్య ఏమైందో సినిమా చూపించదు. ఈ సీన్ దాటాక మా పిన్ని రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పింది. "ఒరేయ్, వీడు వాడేనా!" అంది. అప్పటిదాకా ఆవిడ సగం మనసుతోనే చూస్తోంది.

హీరో కోసం వెతకొద్దు

అంతకుముందు పిన్ని అడిగిన ప్రశ్న వేరే. "మరి హీరో ఎవర్రా?" హీరో లేడు. టామీ ఇల్లెక్కడ, అమ్మానాన్నలెవరు, ప్రేమించిన అమ్మాయి ఉందా, ఏదీ చెప్పరు. వీరత్వం కూడా చూపించడు. క్యూ తప్పించుకోవడానికి గాయపడ్డవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుంటూ హాస్పిటల్ షిప్ ఎక్కాలని చూస్తాడు. బతకాలన్న తాపత్రయం తప్ప అతనికి వేరే కథ లేదు. నాకిది నచ్చింది. నచ్చనివాళ్ల బాధా అర్థమవుతుంది. ఎవరి మీద మనసు పెట్టాలో తెలియకపోతే ఒక్కోసారి విసుగే పుడుతుంది.

ముఖాలు కలిసిపోతాయన్నది న్యాయమైన ఫిర్యాదు. నల్లటి జుట్టు, ఒకే యూనిఫామ్, తడిసిన కుర్రాళ్లు. ఇలా గుర్తుపెట్టుకోండి: మొదటి సీన్ నుంచీ ఉండేవాడు టామీ. అతనితో స్ట్రెచర్ మోస్తూ, అసలు నోరు విప్పనివాడు గిబ్సన్. ఎందుకు విప్పట్లేదో సినిమాయే చెప్తుంది. నోరు ఎక్కువ ఉన్నవాడు అలెక్స్, గాయకుడు హ్యారీ స్టైల్స్ వేసిన పాత్ర. మోల్ మీద నేవీ కోటులో నిలబడి దూరంగా చూసే పెద్దమనిషి కమాండర్ బోల్టన్. విమానాల్లో మాత్రం నోలన్ మనమీద దయ తలిచాడు. జర్మన్ మెస్సర్‌ష్మిట్‌ల ముక్కుకి పసుపు రంగు వేయించాడు. ఆ రంగు నిజానికి తర్వాతి నెలల్లో వచ్చింది, అయినా ఎవరు ఎవరో తెలియాలని కావాలనే వాడాడు. చరిత్ర పిచ్చోళ్లు గొణుక్కుంటారు, మనకి పని సులువైంది.

జర్మన్లు ఏరని ఎదురుచూడకండి. తూటాలు వస్తాయి, బాంబులు వస్తాయి, మనుషులు రారు. చివర్లో మసకగా కొన్ని ఆకారాలు, అంతే.

సినిమా చెప్పనివి

చూశాక ఇవి తెలుసుకోవాలి, లేకపోతే సగం చరిత్రే మిగులుతుంది. చిన్న పడవలే అందర్నీ ఇంటికి చేర్చాయన్న భావన సినిమా కలిగిస్తుంది. నిజంగా వాటి ముఖ్యమైన పని బీచ్ నుంచి పెద్ద ఓడల దాకా చేరవేయడం. చాలా పడవల్ని యజమానులు కాకుండా నౌకాదళం వాళ్లే నడిపారు. ఎక్కువమందిని దాటించింది డిస్ట్రాయర్లు అనే యుద్ధనౌకలు, ప్రయాణికుల నౌకలు. దారి కూడా తెరమీద కనిపించినంత దగ్గర కాదు. డోవర్‌కి దగ్గరి దారి 39 నాటికల్ మైళ్లు. కలే పట్టణం జర్మన్ల చేతికి చిక్కడంతో ఆ దారి ఫిరంగుల కిందికి వచ్చింది. చుట్టు దారి 87 మైళ్లు. తర్వాత మందుపాతరల మధ్య 55 మైళ్ల దారి ఒకటి శుభ్రం చేశారు. ఓడలు ఎందుకు రావట్లేదని బోల్టన్ ఎదురుచూస్తుంటే ఈ అంకెలు గుర్తుచేసుకోండి.

డాసన్ పాత్ర గాల్లోంచి ఊడిపడలేదు. టైటానిక్ ఓడలో సెకండ్ ఆఫీసర్‌గా ఉండి బతికిన చార్లెస్ లైటోలర్, తన ‘సన్‌డౌనర్’ పడవని కొడుకుతో కలిసి తానే నడుపుకుంటూ డన్‌కర్క్ వెళ్లి నూట పాతిక మందికి పైగా వెనక్కి తెచ్చాడు. ఆయన చిన్నకొడుకు యుద్ధం మొదట్లోనే వైమానిక దళంలో చనిపోయాడు. డాసన్ ఇంజిన్ శబ్దం విని విమానమేదో ఎలా చెప్పేస్తున్నాడో కాస్త ఆలోచించండి.

ఫ్రెంచివాళ్లకి సినిమాలో న్యాయం జరగలేదన్న మాటలో నిజముంది. మొదట్లో ఇసుకబస్తాల వెనక కొందరు కనిపిస్తారు, ఆ తర్వాత అక్కడక్కడా మాత్రమే. ఆ తొమ్మిది రోజులు రక్షణ వలయాన్ని నిలబెట్టినవాళ్లలో వాళ్ల భాగం పెద్దది. పడవ దొరక్క చివరికి జర్మన్లకి బందీలైనవాళ్లు 35 వేలకి పైనే. అలాగే మనవాళ్లు. 1939 డిసెంబరులో మార్సేల్ రేవులో దిగిన భారతీయ కంచరగాడిదల దళాలు బ్రిటిష్ సైన్యంతోపాటు అక్కడున్నాయి. దాన్ని ఫోర్స్ కె6 అనేవాళ్లు. మోటారు బళ్లు కూరుకుపోయే మంచులో, బురదలో సామాన్లు మోసిన దళం. ఒక కంపెనీ జర్మన్లకి చిక్కింది, మిగతావాళ్లు జంతువుల్ని అక్కడే వదిలి బయటపడ్డారు. సినిమాలో వాళ్ల జాడే లేదు. వేల మంది నిలబడ్డ బీచ్ మీద ఒక్క షాట్‌లో చూపించినా సరిపోయేది. దానికి సాకు చెప్పలేను, నోలన్ అభిమానినై ఉండి కూడా.

రెండోసారి

రెండోసారి చూస్తే ఒక్క గడియారాన్నే పట్టుకోండి. నా సలహా ఆకాశం. ఫారియర్ కనిపించిన ప్రతిసారీ సుద్ద అంకె ఎంతుందో, వాచీలో టైమ్ ఎంతైందో మాత్రమే గమనించండి. మిగతాది దానంతటదే చుట్టూ సర్దుకుంటుంది. ముఖ్యంగా బాంబర్ ఒక మైన్‌స్వీపర్ (సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ) వెంటపడే ఘట్టం దగ్గర పాజ్ చేయడానికి మొహమాటపడకండి. ఈసారి ఆపొచ్చు. పైన ఫారియర్, నీళ్ల మీద డాసన్ పడవ, నీళ్లలో ఈదుతున్న టామీ వాళ్లు, ముగ్గురూ ఒకే ఓడ చుట్టూ ఉన్నారు. ఎవరు ఏ వైపు ఉన్నారో కాగితం మీద ఒక బొమ్మ గీసుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లకి అప్పజెప్పండి, మనకన్నా వేగంగా తేల్చేస్తారు.